ట్యాంకులో ఆస్తి, కొళాయిలో ఖర్చు

గుండ్లకొండ మున్సిపాలిటీకి డబ్బుల్లేవన్న సంగతి ఊళ్ళో పాలు తాగే పిల్లలక్కూడా తెలుసు. ఆర్నెల్లుగా జీతాలందని పారిశుధ్య కార్మికులకు మరీ బాగా తెలుసు. తెలియనిది పైనున్న సర్కారు వారికి ఒక్కరికే. అందుకని వాళ్ళు రాజధాని నుంచి ఒక సలహాదారుణ్ణి పంపించారు. డబ్బుల్లేవని చెప్పినందుకు ఆయనకు డబ్బులివ్వాలి. అవి కూడా మున్సిపాలిటీయే ఇచ్చుకోవాలి.

ఆయన పేరు చిత్తరంజన్. గుండ్లకొండ ఎండల్లో కోటు వేసుకుని తిరిగిన మొదటి మనిషి ఆయనే. ఆదివారం పత్రికలో ఆర్థికం మీద, మార్పు మీద, ప్రపంచ పరిణామాల మీద వ్యాసాలు రాస్తాడు. ఈ మూడింటి గురించీ ఆయనకు తెలిసింది ఎంతో చెప్పలేం గానీ, అభిప్రాయాలకు మాత్రం కరువు లేదు.

తొమ్మిదో వార్డు కౌన్సిలరు ఓబుళమ్మ ఆయన్ని మొదటిసారి చూసింది కౌన్సిల్ మీటింగులో. ఓబుళమ్మ గెలిచి ఏడాది కాలేదు. తొమ్మిదో వార్డు ఊరి చివర మిట్ట మీద ఉంటుంది. ఊరంతా పట్టుకున్నాక మిగిలిన నీళ్ళు అక్కడికి దారంలా వస్తాయి, ఒక్కోసారి అదీ రాదు. "నన్ను గెలిపించండి. కొళాయి తిప్పితే బిందె నిండాల. నిండకపోతే నా మొగాన ఉమ్మండి" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది ఓబుళమ్మ. ఓటర్లు మిగతా నాయకుల హామీలు మర్చిపోయినా ఇలాంటివి మర్చిపోరు.

గుండ్లకొండ కౌన్సిల్‌కి ఒక ఆచారం ఉంది. అసలు అజెండా అయిపోయాక, చివర్లో టేబుల్ అజెండా అని ఒకటి వస్తుంది. అది వచ్చేసరికి వెనకాల తలుపులోంచి మిక్చరు పొట్లాలు, మైసూరు పాకు కూడా వస్తాయి. కౌన్సిలర్లు ఒక చేత్తో పొట్లం అందుకుని రెండో చెయ్యి ఎత్తుతారు. అలా ఎత్తిన చేతులతోనే ఈ ఊళ్ళో బస్టాండు శ్మశానం పక్కకు వెళ్ళింది, శ్మశానం బడి పక్కకు వచ్చింది.

ఆ రోజు టేబుల్ అజెండాకు ముందు సలహాదారు గారి ఉపన్యాసం పెట్టారు.

"ఈ ఊరి అతి పెద్ద ఆస్తి ఏది?" అని అడిగాడు చిత్తరంజన్.

తన పేరే చెప్తాడేమోనని చైర్మన్ వీరనారాయణ వినయంగా తలొంచుకున్నాడు.

"మీ సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు!" అన్నాడు చిత్తరంజన్. చైర్మన్ తల ఎత్తేశాడు.

సమ్మర్ స్టోరేజ్ ట్యాంకంటే మరేం లేదు. కాలవకు నీళ్ళొచ్చినప్పుడు నింపి పెట్టుకుని, ఎండాకాలమంతా ఊరికి వదులుకోడానికి తవ్విన పెద్ద చెరువు.

"ఎక్కడో సముద్రంలో ఓడలు ఆగితే ఇక్కడ మీ స్కూటర్లో పెట్రోలు ధర పెరుగుతుంది. అదీ ప్రపంచ పరిణామం! రేపటి పెట్రోలు ఏమిటి? నీళ్ళు. దేశాలు నీళ్ళ కోసం కొట్టుకు చావబోతున్నాయి. మరి మీరేం చేస్తున్నారు? అంత విలువైన సరుకును పొద్దున్నే లేచి కొళాయిల్లో పారబోస్తున్నారు! నీళ్ళు ట్యాంకులో ఉన్నంతసేపూ ఆస్తి. కొళాయిలోకి దిగిన మరుక్షణం ఖర్చు. బుద్ధున్న సంస్థ ఏదైనా రోజూ తన ఆస్తిని తానే ఖర్చు కింద మార్చుకుంటుందా?"

ఇన్నేళ్ళుగా తాము చేస్తున్న దుబారా తలుచుకుని కౌన్సిలర్లు నిర్ఘాంతపోయారు. నీటి సరఫరా ఇంజనీరు జిలానీ బాషా మాత్రం మెల్లగా లేచాడు.

"సార్, ట్యాంకు కట్టిందే వదలడానికి గదా సార్."

చిత్తరంజన్ ఆయన వంక జ్వరమొచ్చిన పిల్లాణ్ణి చూసినట్టు చూశాడు. "మీ తప్పు కాదు ఇంజనీరు గారూ. దీన్ని మార్పు భయం అంటారు. ప్రతి సంస్థలోనూ ఉంటుంది. ముదరక ముందే చూసుకోవాలి."

ఆ మర్నాడే జిలానీని రాజధానికి మార్పు శిక్షణకు పంపించారు. తిరిగొచ్చాక ఆయన నిజంగానే మారిపోయాడు. ఎవరేమడిగినా నోరు విప్పడం మానేశాడు.

ట్యాంకు నీళ్ళు వదలకుండా దాచాలన్న తీర్మానం ఆ మీటింగులోనే టేబుల్ అజెండాలో వచ్చింది. "అక్కా, నీ వార్డు పైపులైను కూడా దీంట్లోనే పెట్టించినా" అని చైర్మన్ ఓబుళమ్మ చెవిలో ఊదాడు. ఓబుళమ్మకు కళ్ళ ముందు నిండిన బిందెలు కనబడ్డాయి. మిక్చరు పొట్లం ఒళ్ళో పెట్టుకుని చెయ్యెత్తింది. అందరూ బల్లలు చరిచారు. ఏకగ్రీవం.

అప్పటిదాకా రోజు విడిచి రోజు వచ్చే కొళాయి వారానికోసారి అయింది. ఆ తర్వాత పండగలకు పబ్బాలకు అయింది. పండగలన్నీ చలికాలంలోనే అయిపోయేసరికి అదీ లేకపోయింది. మున్సిపల్ ఆఫీసు గోడ మీద మాత్రం ఎర్రంకెల బోర్డు ఒకటి వెలిసింది. పైన 'మన నీటి ఆస్తి విలువ' అని రాసుంది. ఊళ్ళో ప్రైవేటు ట్యాంకరు ధరను బట్టి ఆ అంకె కట్టేవారు. ట్యాంకర్లన్నీ చైర్మన్ బామ్మర్దివి. కొళాయిలు ఎండేకొద్దీ బామ్మర్ది ధర పెంచాడు, బామ్మర్ది ధర పెంచేకొద్దీ మున్సిపాలిటీ కోటీశ్వరురాలైపోయింది. ఇంతకన్నా అన్యోన్యమైన కుటుంబం ఉంటుందా!

తొమ్మిదో వార్డుకు పైపులైను కూడా పడింది. అబద్ధమాడకూడదు, మంచి పైపులే వేశారు. ఇంటింటికీ తళతళలాడే కొళాయి పెట్టారు. చైర్మన్ రిబ్బను కత్తిరించి మొదటి కొళాయి తిప్పాడు. బుస్సుమని గాలి వచ్చింది. చిత్తరంజన్ చప్పట్లు కొట్టి, "ఒక్క చుక్క లీకేజీ లేదు! రాష్ట్రంలోనే మొట్టమొదటి సున్నా లీకేజీ వార్డు!" అని ప్రకటించాడు. ఆ మాట రాసిన బోర్డు అప్పటికప్పుడే పాతారు.

జనం చెదిరాక ఖాసింబీ ఖాళీ బిందెతో ఓబుళమ్మ ఎదుటికొచ్చి నిలబడింది. వార్డులో ఓబుళమ్మకు కుడి భుజం లాంటి మనిషి.

"ఓబుళక్కా, నీ మొగాన ఉమ్ముదామనే వచ్చినా. ఏం చేద్దును, నోట్లో తడి ల్యా."

ఓబుళమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆ కాళ్ళతోనే ఆఫీసుకు పోయింది.

సలహాదారు గది చల్లగా ఉంది. బల్ల మీద నీళ్ళ సీసాలు వరసగా పేర్చి ఉన్నాయి.

"సారూ, ఒక్క మాట. ట్యాంకులో నీళ్ళు ఉండాయా, ల్యావా?"

"పుష్కలంగా ఉన్నాయమ్మా."

"మరి ఇడవండి."

"మీరు ఆవేశంతో ఆలోచిస్తున్నారు. ఆర్థికంగా ఆలోచించండి. మీ వార్డు దప్పిక పడితే ఏమవుతుంది? ట్యాంకరు ధర పెరుగుతుంది. ధర పెరిగితే మన నీటి విలువ పెరుగుతుంది. అంటే ఈ ఊరికి సంపద పుట్టిస్తున్నదెవరు? చైర్మన్ గారా? నేనా? కాదు. మీ వార్డు ఆడవాళ్ళు! దాహం ఖర్చు కాదమ్మా, పెట్టుబడి."

"మా ఆడోళ్ళు పెట్టుబడి పెట్టి పెట్టి నాలికలు పిడచకట్టినాయి సారూ. మాకొద్దు ఈ యాపారం."

"మార్పు భయం" అన్నాడు చిత్తరంజన్ జాలిగా. ఓ సీసా మూత తిప్పి గటగటా తాగాడు. తాగి, ఆ వార్డు సేవలను గుర్తించకపోవడం పొరపాటేనని ఒప్పుకున్నాడు. మరుసటి వారం తొమ్మిదో వార్డులో ఇంటికొకటి చొప్పున 'సంపద సృష్టికర్త' అని ప్రశంసాపత్రం పంచిపెట్టారు. అట్టకు మంచి ప్లాస్టిక్ తొడుగు వేయించారు, తడిస్తే పాడవకుండా!

ఫాల్గుణం వెళ్ళేసరికి ఎండలు ముదిరాయి. నీటి విలువ చూపించి బ్యాంకులో అప్పు తెచ్చారు. ఆ అప్పుతో ట్యాంకు చుట్టూ ఇనప కంచె వేశారు, దీపాలు పెట్టారు, కాపలాదార్లను పెట్టారు, జనం కంచె బయట కూర్చుని తమ ఆస్తిని చూసుకోడానికి సిమెంటు బెంచీలు వేశారు. రాజధానిలో ఉత్తమ నీటి నిర్వహణ అవార్డు ఇచ్చారు. చైర్మన్ శాలువా కప్పుకుని ఫోటో దిగాడు.

ఇంతలో జిలానీ బాషా నోరు విప్పక తప్పలేదు. ట్యాంకులో మట్టం తగ్గిపోతోంది. ఎండకు నీళ్ళు ఆవిరైపోతున్నాయి.

"అంటే అనధికార వినియోగం!" అని చిత్తరంజన్ బల్ల గుద్దాడు. "మన అనుమతి లేకుండా ఒకరు రోజూ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మన ఆస్తి తీసుకుపోతుంటే ఆఫీసు ఏం చేస్తోంది?"

ఆఫీసు ఏదైతే చెయ్యగలదో అదే చేసింది. నోటీసు తయారు చేసింది. 'విషయం: సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు నుండి సూర్యుడు అనుమతి లేకుండా నీటిని గ్రహించుచుండుట – సంజాయిషీ కోరుట – గురించి.' నోటీసు పట్టుకెళ్ళిన బంట్రోతు చీకటి పడ్డాక వెనక్కి తెచ్చాడు. 'చిరునామాదారుడు సాయంత్రం వేళ అందుబాటులో లేడు' అని దాని వెనక రాసి ఫైల్లో పెట్టారు. నీళ్ళు తగ్గాయి కదా, ఎర్రంకెల బోర్డు ఏమైంది అంటారా? నీళ్ళు తగ్గేకొద్దీ ధర పెరిగింది కాబట్టి అంకె చెక్కుచెదరలేదు. ట్యాంకు మొత్తం ఎండిపోయి ఒక్క గ్లాసు మిగిలితే ఆ గ్లాసుకే అంత విలువ వస్తుందని చిత్తరంజన్ భరోసా ఇచ్చాడు.

తొమ్మిదో వార్డు వాళ్ళు మాత్రం బతకాలి గదా. ట్యాంకరు కొనే స్తోమత లేనివాళ్ళు కొండ వెనక క్వారీ గుంతలో నీళ్ళు ముంచుకోవడం మొదలుపెట్టారు. ఆకుపచ్చ నీళ్ళు. గుడ్డలో వడగట్టి కాచి తాగారు. కాచడానికి కట్టెలు లేనివాళ్ళు వడగట్టే తాగారు. ముందు ఖాసింబీ మనవడికి వాంతులు పట్టుకున్నాయి. తర్వాత వీధిలో ఒక్కో ఇల్లూ పడింది. చివరికి ఓబుళమ్మ ఇంట్లోనే, కొడుకు కూతురు భువన, నాలుగేళ్ళ పిల్ల, తెల్లారేసరికి కళ్ళు గుంటలు పడి వాలిపోయింది.

సర్కారు ఆసుపత్రిలో మంచం దొరకలేదు. బెంచీ మీద ఓబుళమ్మ ఒళ్ళోనే పడుకోబెట్టి సెలైను ఎక్కించారు.

"ఏం నీళ్ళు తాగింది?" అని అడిగింది డాక్టరమ్మ.

"క్వారీ గుంతవమ్మా."

"పక్కనే అంత ట్యాంకు పెట్టుకుని గుంతలో నీళ్ళేమిటి? ఎవడాపాడు?"

ఎవడో ఒకడైతే పేరు చెప్పి శాపనార్థాలు పెట్టుండేది. సీసాలోంచి గొట్టంలోకి నీళ్ళు చుక్క చుక్కా దిగుతుంటే, తొమ్మిదో వార్డుకు మున్సిపాలిటీ చేయించిన నీటి సరఫరా ఇంతేనా అనిపించింది. "నేనే డాక్టరమ్మా" అంది ఆఖరికి. "మిక్చరు పొట్లం ఒళ్ళో పెట్టుకోని చెయ్యెత్తినా. ఈ చెయ్యే." ఆ చేత్తోనే మొహం కప్పుకుని బెంచీ మీద బోరున ఏడ్చింది.

పిల్ల కళ్ళు తెరిచి "అవ్వా" అనేదాకా కదల్లేదు. అన్నాక మాత్రం ఆగలేదు. పిల్లను కోడలికి అప్పజెప్పి, కొంగు నడుముకు దోపుకుని, వార్డులోకొచ్చి ఖాసింబీని కేకేసింది. "బిందెలు తీసుకోండే! ఉమ్మేది తర్వాత, ముందు నీళ్ళు పట్టుకుందాం!"

ఆడవాళ్ళంతా పట్టపగలు ట్యాంకు మీదికి పోయారు. కాపలాదార్లు అడ్డం రావాల్సింది. వాళ్ళవీ ఈ ఊరి గొంతుకలే. గేటు తీసి, తమ సీసాలు కూడా పట్టుకొచ్చుకుని వరసలో నిలబడ్డారు. వాల్వు గది దగ్గర జిలానీ బాషా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఓబుళమ్మ బండరాయితో తాళం పగలగొట్టింది.

"జిలానీ సారూ, చక్రం ఏ పక్కకు తిప్పాల?"

జిలానీ ఆకాశం వంక చూశాడు. "ఎడమ పక్కకు తిప్పితే నీళ్ళు పోతాయమ్మా. కాబట్టి ఎడమ పక్కకు తిప్పొద్దని ఇంజనీరుగా హెచ్చరిస్తాండా."

ఎడమ పక్కకు తిప్పారు. ఆ పూట గుండ్లకొండలో ప్రతి కొళాయీ మోగింది. ప్రతి బిందే నిండింది. తొమ్మిదో వార్డులో పిల్లలు బట్టలతోనే కొళాయిల కింద కూర్చున్నారు. సున్నా లీకేజీ బోర్డు చుట్టూ బురద అయింది.

సాయంత్రానికి పోలీసులొచ్చి ఓబుళమ్మను జీపెక్కించారు. మున్సిపల్ ఆస్తి దొంగతనం కేసు. స్టేషన్ బెయిలు మీద మర్నాడు వదిలారు, ఎందుకంటే కౌన్సిల్ అత్యవసర సమావేశం పెట్టింది, దొంగ హాజరు లేనిదే దొంగను తిట్టడం కుదరదు.

చైర్మన్ వీరనారాయణ నిప్పులు కక్కాడు. "ఈమెను కౌన్సిల్ నుంచి తీసెయ్యాల! తల్లి లాంటి మున్సిపాలిటీ ఇంట్లో కన్నం ఏసింది!"

"మీ బామ్మర్ది ట్యాంకర్లు నిలబడిపోయినాయని ఏడ్చండి, నా మీదెందుకు ఏడుస్తారు!" అంది ఓబుళమ్మ లేచి. "నా మనవరాలు సచ్చి బతికింది. ఉరేస్తారా, ఏసుకోండి. రేపు మళ్ళీ తిప్పుతా."

బల్లలు చరుచుకుంటున్నారు, అరుచుకుంటున్నారు. చిత్తరంజన్ ఒక్కడే ఓ మూల కూర్చుని కాగితం మీద ఏదో లెక్క కడుతున్నాడు. కట్టేకొద్దీ ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఆగండి!" అన్నాడు లేచి. "ఓబుళమ్మ గారు మనకు ద్రోహం చెయ్యలేదు. మహోపకారం చేశారు."

అంతా నోళ్ళు తెరిచారు.

"ఇన్నాళ్ళూ మన నీటికి విలువ ఉంది, కొనేవాడు లేడు. బ్యాంకు వారు అదే సతాయిస్తున్నారు. నిన్న ఏం జరిగింది? ఊరు ఊరంతా మన సరుకు తీసుకుంది! బోర్డు మీద ధర ప్రకారం ఊరు మనకు కోట్లు బకాయి పడింది. వసూలవుతుందా అని అడక్కండి. బకాయి అనేది వసూలైతే డబ్బు, వసూలు కాకపోతే ఆస్తి! దొంగతనం జరిగిన ఒక్క పూటలో మన ఆస్తి రెట్టింపు అయింది. రోజూ జరిగితే?"

చైర్మన్ మెల్లగా కూర్చున్నాడు. "రోజూ జరగాలంటే..."

"ప్రోత్సహించాలి. క్రమశిక్షణతో. వేళాపాళా పెట్టి."

ఓబుళమ్మకు ఒక్క ముక్క అర్థమైంది. "అంటే సారూ, ఇంక కొళాయిలు ఇడుస్తారా?"

"లేదమ్మా! వదిలితే ఖర్చు కింద వస్తుంది. వదలం. పొద్దున ఆరు నుంచి ఏడు దాకా వాల్వుకు తాళం వెయ్యడం మర్చిపోతాం. ఆ గంట మీరు దొంగతనం చేసుకోవచ్చు. ప్రతి వీధిలో గుమాస్తా కూర్చుని దొంగల పేర్లు రాసుకుంటాడు. ఆ నీళ్ళు పట్టినవారూ, తాగినవారూ అందరూ దొంగలే. మినహాయింపు ఎవరికీ లేదు. మినహాయింపులిచ్చిన సంస్థ బాగుపడదు."

వెనక తలుపు తెరుచుకుంది. మైసూరు పాకు వాసన వచ్చింది. చేతులు లేచాయి. ఓబుళమ్మ చెయ్యి ఎత్తలేదు, బిగించి ఒళ్ళో పెట్టుకుంది. అయినా ఏకగ్రీవమనే రాసుకున్నారు. ఆచారం గదా.

సోమవారం పొద్దున తొమ్మిదో వార్డులో ఆరింటికల్లా నీళ్ళొచ్చాయి. లావుగా, చల్లగా, కొళాయి ఊగిపోయేలా వచ్చాయి. వేపచెట్టు కింద బల్ల వేసుకుని కొత్త గుమాస్తా కూర్చున్నాడు. బిందె నిండిన ప్రతి మనిషీ అతని దగ్గరికి పోయి ఇంటిపేరుతో సహా చెప్పి దొంగగా నమోదై ఇంటికి పోతోంది. ఖాసింబీ రెండు బిందెలు పట్టి రెండుసార్లు నమోదైంది. భువన చిన్న చెంబు పట్టుకొచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చి రెండ్రోజులైనా ఇంకా మెడ సరిగ్గా నిలబడని పిల్ల. గుమాస్తా తల ఎత్తకుండానే "మైనరు" అని రాసుకుని, "తండ్రి పేరు?" అన్నాడు.

ఓబుళమ్మ కొడుకు పేరు చెప్పింది. చెప్తుంటే ఒళ్ళు మండిపోయింది. నీళ్ళొచ్చాయి. ఇంటింటా బిందెలు నిండుతున్నాయి. ఎన్నికల్లో తానిచ్చిన మాట నిలబడింది. నాలుగేళ్ళ మనవరాలు దొంగల పట్టీలోకి ఎక్కింది. నవ్వాలో, ఆ బల్ల ఎత్తి కుదెయ్యాలో తేల్చుకోలేక పిల్ల తల నిమురుతూ నిలబడింది.

అప్పుడే చిత్తరంజన్ కనబడ్డాడు. పథకం మొదటిరోజు స్వయంగా పరిశీలించడానికి వచ్చాడు. కారు మిట్ట కిందే ఆపి, వీధులన్నీ కాలినడకన తిరిగి పైకి ఎక్కేసరికి కోటు చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. మొహం కందగడ్డలా అయింది. కార్లో పెట్టుకున్న సీసాలు డ్రైవరు తాగేశాడు. ఓబుళమ్మను చూసి ఏదో అభినందించబోయాడు, మాట పెగల్లేదు. గొంతు పట్టుకుని సైగ చేశాడు.

ఎంత కోపమున్నా దాహమన్న మనిషికి లేదనడం ఓబుళమ్మకు చేతకాదు. భువన చేతిలో చెంబు తీసుకుని అందించింది. ఆయన ఎత్తి గటగటా మొత్తం తాగేశాడు. చివరి చుక్క దాకా. మూతి తుడుచుకుని, "అబ్బ! ప్రాణం లేచొచ్చిందమ్మా!" అన్నాడు.

ఓబుళమ్మ చెట్టు కిందికేసి తిరిగింది. "అబ్బయా, ఇంకో పేరు రాసుకో. ఈ సారు కూడా తాగినాడు."

గుమాస్తా కలం తీశాడు. చిత్తరంజన్ ఉలిక్కిపడ్డాడు.

"నన్నా? ఇదేం మాట! నేను సలహాదారుణ్ణి! నేనేం దొంగతనం చేశానమ్మా? దాహమేసింది, తాగాను, అంతే కదా!"

"మేమూ అంతే సారూ" అంది ఓబుళమ్మ.

చిత్తరంజన్ ఓబుళమ్మ వంక చూశాడు, ఖాసింబీ వంక చూశాడు, ఖాళీ చెంబు కోసం చెయ్యి చాపి నిలబడ్డ పిల్ల వంక చూశాడు. ఆర్థికం మీద గానీ మార్పు మీద గానీ ఆయనకు ఆ క్షణాన ఏ అభిప్రాయమూ తోచలేదు.

గుమాస్తా మాత్రం కలం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. కొత్త ఉద్యోగం, పొరపాటు చెయ్యకూడదు.

"తండ్రి పేరు చెప్పండి సార్" అన్నాడు.